ఆర్‌22 మీద మొదలుపెట్టవచ్చా? తొలి శిక్షణకు తగిన తేలిక హెలికాప్టర్ ఏది?

గోదావరి గట్టు | రాజమహేంద్రవరం | జనవరి 11, రాత్రి 9.20

అందరికీ నమస్కారం. మా ఇల్లు మధురపూడి విమానాశ్రయానికి దగ్గర. సముద్రంలోని చమురు వేదికలకు వెళ్లే హెలికాప్టర్లు మా మేడ మీదుగానే పోయేవి. ఆ చప్పుడు వినబడితే చాలు, చిన్నప్పుడు కంచం ముందు నుంచి లేచి మెట్లెక్కేవాడిని. ఇప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఇంజనీరింగ్ అయ్యాక రెండేళ్లు ఉద్యోగం చేసి కొంత వెనకేశాను. మిగతాది నాన్నగారు పొలం తాకట్టు పెట్టి ఇస్తానంటున్నారు. అందుకే ఒక్క రూపాయి కూడా తప్పుడు చోట పెట్టకూడదని ఇక్కడ అడుగుతున్నాను.

అమెరికాలో హెలికాప్టర్ నడపడం నేర్పే మూడు బడులతో మాట్లాడాను. మొదటి బడిలో అన్నీ రాబిన్సన్ ఆర్‌22లే. రెండోది ఆర్‌44 క్యాడెట్ మీద నేర్పుతుంది, గంట ధర మొదటిదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. మూడోది చిన్న బడి, రెండు ష్వైజర్ 300లు ఉన్నాయి. నా ఎత్తు ఆరడుగులు, బరువు 94 కిలోలు. ఇంతవరకు ఏ విమానమూ నడపలేదు. వాణిజ్య లైసెన్సుకు 150 గంటలు ఎగరాలి కాబట్టి గంట ధరలో తేడా చివరికి పెద్ద మొత్తమవుతుంది. ఏమీ తెలియనివాడు ఆర్‌22 మీద మొదలుపెట్టడం క్షేమమేనా?

రెక్కల రాముడు | బెంగళూరు | జనవరి 11, రాత్రి 10.05

వద్దు తమ్ముడూ. నేను నడిపేది సెస్నా 172 అనే చిన్న విమానం. కొత్తవాడికి ఇచ్చే యంత్రం వాడి తప్పులను కాసుకోవాలి. సెస్నాను సరిగ్గా సర్ది చేతులు వదిలేస్తే తన దారిన తాను పోతుంది. ఆర్‌22లో కర్ర మీద నుంచి చెయ్యి తీసే వీలే లేదు. ఒకే కంపెనీ హెలికాప్టర్ల కోసం అమెరికా ప్రభుత్వం 1995లో ప్రత్యేకంగా ఒక నియమం తేవలసి వచ్చిందంటే అందులో ఏదో ఉన్నట్టే కదా. డబ్బు మిగులుతుందని ప్రాణంతో బేరమాడకు.

తూనీగ | ఫ్లోరిడా | జనవరి 12, ఉదయం 6.40

రాముడు గారు చెప్పిన నియమం నిజం. అయితే అందులో ఏముందో కూడా చెప్పాలి. నేను గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ ఆర్‌22, ఆర్‌44ల మీద పాఠాలు చెబుతున్నాను. నా లాగ్‌బుక్కులో 1,900 గంటలు ఉన్నాయి, వాటిలో సగానికి పైగా ఆర్‌22లోనే.

ఫ్రాంక్ రాబిన్సన్ ఆర్‌22ను శిక్షణ కోసం తయారు చేయలేదు. మామూలు మనిషి కొనుక్కుని తానే నడుపుకునే చౌక హెలికాప్టర్ కావాలనుకున్నాడు. 1975లో అది మొదటిసారి ఎగిరింది, 1979లో ధ్రువీకరణ వచ్చింది. ధర తక్కువ, ఇంధనం ఖర్చు తక్కువ కావడంతో శిక్షణ బడులు ఎగబడి కొన్నాయి. అనుభవజ్ఞుడైన యజమాని కోసం చేసిన యంత్రం అలా అనుభవమే లేనివాళ్ల చేతుల్లో పడింది. ప్రమాదాలు పెరిగాయి. అప్పుడు వచ్చినదే ఆ ప్రత్యేక నియమం 73. దాని ప్రకారం విద్యార్థి ఆర్‌22లో ఒంటరిగా ఎగరాలంటే ముందు కనీసం 20 గంటలు బోధకుడి పక్కన కూర్చుని నేర్చుకోవాలి. రోటర్ (పైన తిరిగే రెక్కల చక్రం) వేగం ఎలా పడిపోతుంది, రెక్కలు ఎప్పుడు స్టాల్ అవుతాయి (అంటే మోసే బలం కోల్పోతాయి), రోటర్ మీద భారం తేలిపోతే ఏమవుతుంది అన్నవి విడిగా చదివించి సంతకం పెట్టాలి. నేర్పేవాడికి కూడా షరతు ఉంది. హెలికాప్టర్లలో 200 గంటలు, అందులో ఆర్‌22లోనే 50 గంటలు ఉండాలి.

ఆర్‌22లో అసలు కష్టం సమయం దగ్గర. దాని రోటర్ చాలా తేలిక. ఇంజన్ ఆగిపోతే బరువైన రోటర్ కాసేపు తన ఊపుతో తిరుగుతుంది, తేలికది వెంటనే నెమ్మదిస్తుంది. ఎడమ చేతిలోని కలెక్టివ్‌ను దించి రెక్కల కోణం తగ్గించడానికి చేతిలో ఉండేది ఒక సెకను, కాస్త అటూ ఇటూ. మామూలుగా గవర్నర్ అనే పరికరం రోటర్ వేగాన్ని 104 శాతం దగ్గర నిలుపుతుంది. 97 శాతానికి పడితే హారన్ మోగుతుంది. 80 శాతం, దానికి తోడు ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ ఒక్కో శాతం చొప్పున కలుపుకోండి. ఆ గీత కిందికి వెళ్తే రెక్కలు స్టాల్ అవుతాయి. అక్కడి నుంచి తిరిగి రావడం ఉండదు.

గోదావరి గట్టు తమ్ముడూ, ఆర్‌22 నేర్చుకోవడానికి పనికిరాదని నేను అనను. మాలో వేలమంది దాని మీదే నేర్చుకున్నాం. నీ బరువు సంగతి మాత్రం కాగితం మీద లెక్క వేయకుండా ఎవరూ సరే అనకూడదు.

పానా | హైదరాబాద్ | జనవరి 12, మధ్యాహ్నం 1.15

ఆ లెక్క నేను వేస్తాను. హెలికాప్టర్ల మరమ్మతు నా వృత్తి.

ఆర్‌22 బీటా 2 గరిష్ఠ బరువు 622 కిలోలు. ఖాళీగా సుమారు 400 కిలోలు ఉంటుంది. అమర్చిన రేడియోలను బట్టి మారుతుంది కాబట్టి ఆ ఫలానా హెలికాప్టర్ బరువు పత్రం చూపించమని అడుగు. మిగిలినవి 222 కిలోలు. నువ్వు 94, హెడ్‌సెట్టు, బూట్లు, పుస్తకాలతో కలిపి 97 అనుకుందాం. బోధకుడు 80 కిలోలవాడైతే ఇంధనానికి 45 కిలోలు మిగులుతాయి. లీటరు విమాన పెట్రోలు సుమారు 0.72 కిలోలు. అంటే 62 లీటర్లు. గంటకు 30 నుంచి 35 లీటర్లు తాగుతుంది, నిల్వగా కొంత ఉంచాలి. ఒకటిన్నర గంట పాఠానికి సరిపోతుంది.

బోధకుడు 98 కిలోలవాడైతే? ఇంధనానికి 27 కిలోలే. 37 లీటర్లు. నిల్వ తీసేస్తే గంట పాఠం కూడా పూర్తిగా చెప్పలేడు. అప్పుడు జరిగేది ఏమిటంటే, ‘ఫరవాలేదు, కాస్త ఎక్కువే కానీ లేస్తుంది’ అంటారు. ఆ మాట వినబడిన బడిలోకి మళ్లీ అడుగు పెట్టకు. సీటుకు కూడా పరిమితి ఉంది. సీటు కింది అరలో పెట్టిన సామానుతో కలిపి 109 కిలోలు.

ఇదంతా బరువు గురించే. శక్తి వేరే సంగతి. ఆ ఇంజన్ నుంచి నిరంతరంగా వాడుకోవడానికి అనుమతించేది 124 అశ్వశక్తి, ఐదు నిమిషాలకు మాత్రం 131. ఎండలో గాలి పలచబడితే ఇంజన్ బలమూ తగ్గుతుంది, రెక్కల పట్టూ తగ్గుతుంది. మన బేగంపేట సముద్రమట్టానికి 1,740 అడుగుల పైన ఉంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల వేడిలో అక్కడి గాలి 5,000 అడుగులు దాటిన ఎత్తులో ఉన్నంత పలచగా ఉంటుంది. తూనీగ గారి లెక్క ప్రకారం స్టాల్ గీత అప్పటికే 85 శాతానికి ఎక్కేసింది. నువ్వు వెళ్లబోయే ఊరు ఎంత ఎత్తులో ఉంది, వేసవిలో ఎంత వేడి అన్నది ధరల పట్టిక కన్నా ముందు చూడు.

వరికంకి | టెక్సాస్ | జనవరి 12, రాత్రి 8.30

నేను ష్వైజర్ 300 మీద 70 గంటలు పూర్తి చేశాను. నాదీ నీ ఒడ్డూ పొడుగే, అందుకే ఇది ఎంచుకున్నాను.

ఇది కొత్త సరుకు కాదు. హ్యూస్ 269 పేరుతో 1956లో మొదటిసారి ఎగిరింది. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైన్యం తన హెలికాప్టర్ పైలట్లకు తొలి పాఠాలు దీని మీదే చెప్పించింది. మన నావికాదళం కూడా ఒకప్పుడు హ్యూస్ 300 మీద శిక్షణ ఇచ్చింది. మూడు రెక్కలు, ఒక్కొక్కటి విడిగా కీలు మీద కదులుతుంది. రోటర్‌లో ఊపు ఆర్‌22 కన్నా ఎక్కువ. ఆటోరొటేషన్ అభ్యాసంలో, అంటే ఇంజన్ బలం లేకుండా గాలి తోపుకే రెక్కలు తిరుగుతుండగా దిగేటప్పుడు, నేల దగ్గర కలెక్టివ్ ఎత్తి వేగం చంపుకోవడానికి చేతిలో ఇంకా కొంత మిగిలి ఉంటుంది.

నేను నడిపేదానిలో గవర్నర్ లేదు. ఇంజన్ బలాన్ని మార్చే థ్రాటిల్ నా మణికట్టులోనే ఉంటుంది. మొదటి ఐదు గంటలు నరకం చూశాను. కలెక్టివ్ ఎత్తితే రోటర్ వేగం పడుతుంది, థ్రాటిల్ తిప్పితే ముక్కు పక్కకు పోతుంది, పెడల్ నొక్కితే మళ్లీ వేగం మారుతుంది. ఒకదాన్ని సర్దితే మూడు చెదురుతాయి. ఎనిమిదో గంటలో అనుకుంటాను, ఉన్నట్టుండి ఇంజన్ చప్పుడును బట్టి చెయ్యి తనంతట తానే తిరగడం మొదలుపెట్టింది. ఇప్పుడు సూది వైపు చూడకుండానే వేగం పడిందని తెలుస్తుంది.

దీనికీ ఒక గండం ఉంది, నేల మీద. నేలకు ఆనే రెండు కడ్డీల్లో (స్కిడ్లలో) ఒకటి ముందుగా గట్టిగా తగిలితే, కాళ్లలోని ఊపును మింగే డ్యాంపర్లు సరిగా లేకపోతే, మూడు రెక్కల అమరిక చెదిరి హెలికాప్టర్ మొత్తం ఊగడం మొదలవుతుంది. ఆ ఊపు క్షణాల్లో పెరిగి యంత్రం నేల మీదే ముక్కలవుతుంది. రోటర్ వేగం సరిపడా ఉంటే వెంటనే గాలిలోకి లేవాలి, లేకపోతే కలెక్టివ్ దించి థ్రాటిల్ మూసేయాలి. అందుకే ఎక్కే ముందు ఆ డ్యాంపర్లను కూర్చుని చూస్తాను. నూనె చెమ్మ కనబడితే ఆ రోజు ఎగరను.

చేతక్ మాస్టారు | సికింద్రాబాద్ | జనవరి 13, ఉదయం 7.10

వైమానిక దళంలో పదవీ విరమణ చేసినవాణ్ని. హకీంపేట హెలికాప్టర్ శిక్షణ పాఠశాలలో చాలా ఏళ్లు చేతక్ మీద పాఠాలు చెప్పాను. మా దగ్గరికి వచ్చే కుర్రవాళ్లు ముందుగా విమానం నడిపి వచ్చేవారు. చేతక్ మీరంటున్న వాటి కన్నా పెద్దది, టర్బైన్ ఇంజన్‌ది. ఫ్రెంచివాళ్ల ఆలూయెట్ 3ను మన హిందుస్థాన్ ఏరోనాటిక్స్ తయారు చేసింది. దాని రోటర్ బరువైనది, ఓపికైనది. అయినా కొత్తవాళ్ల చేతులు చేసే పొరపాట్లు ఏ యంత్రం మీదనైనా ఒక్కటే.

రాముడు గారికి ఒక మాట. విమానం మీద నేర్చుకున్న అలవాటే హెలికాప్టర్‌లో మనిషిని ముంచుతుంది. విమానంలో స్టాల్ హెచ్చరిక మోగితే కర్ర ముందుకు తోయాలి. పదేళ్ల తరువాత కూడా చెయ్యి ఆ పనే చేస్తుంది. ఆర్‌22లో హారన్ మోగినప్పుడు కుడిచేతి కర్రను, అంటే సైక్లిక్‌ను ముందుకు తోస్తే రోటర్ మీద భారం తేలిపోతుంది, పడిపోతున్న వేగం ఇంకా పడుతుంది. విమాన పైలట్లు హెలికాప్టర్‌కు మారేటప్పుడు ప్రమాదం ఎక్కువని రాబిన్సన్ కంపెనీయే ఒక భద్రతా సూచన పత్రం రాసి పెట్టింది. మన గోదావరి గట్టుకు ఏమీ రాకపోవడం ఒక విధంగా మేలే. చెరిపేయవలసింది ఏమీ లేదు.

ఇంకొకటి. ప్రదర్శన విహారాల్లో, తొలి పాఠాల్లోనే ప్రమాదాలు ఎక్కువ జరుగుతున్నాయని హెచ్చరిస్తూ అదే కంపెనీ మరో పత్రం రాసింది. కొత్తవాడి చేతికి కర్ర ఇచ్చి బోధకుడు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే అలాగే అవుతుంది. నేను శిష్యుడికి కర్ర అప్పగించినప్పుడు నా చెయ్యి దానికి బెత్తెడు దూరంలో ఉండేది. తాకేది కాదు. కానీ ఎప్పుడూ అక్కడే ఉండేది. మీకు నేర్పేవారి చెయ్యి ఎక్కడ ఉంటుందో మొదటి రోజే చూడండి.

కివి తెలుగు | న్యూజీలాండ్ | జనవరి 13, సాయంత్రం 4.50

రోటర్ మీద భారం తేలిపోవడం గురించి మాస్టారు అన్నారు కాబట్టి కొంచెం విడమరుస్తాను. ఇక్కడ మాకు అది వార్తల్లో చదివే విషయం కాదు, తెలిసినవాళ్లకు జరిగిన విషయం. 2016లో ఈ దేశపు రవాణా ప్రమాదాల విచారణ సంఘం రాబిన్సన్ హెలికాప్టర్లను తన నిఘా జాబితాలో పెట్టింది.

రాబిన్సన్ రోటర్‌కు రెండే రెక్కలు. పార్కులో పిల్లలు చెరో చివర కూర్చుని ఊగే బల్లలాగా అవి ఇరుసు మీద ఊగుతాయి. కింది పెట్టె రోటర్‌కు వేలాడుతూ ఉంటుంది. వేలాడుతున్నంతసేపూ రోటర్ ఎటు వాలితే పెట్టె అటు వస్తుంది. కొండ మీది సుడిగాలి వల్లనో, సైక్లిక్‌ను గబుక్కున ముందుకు తోయడం వల్లనో ఒక్క క్షణం బరువు తేలిపోయిందనుకోండి, వేలాడటం ఆగిపోతుంది. తోక రోటర్ మాత్రం నెడుతూనే ఉంటుంది కాబట్టి హెలికాప్టర్ కుడికి దొర్లుతుంది. ఎవరికైనా అప్పుడు కర్రను ఎడమకు కొట్టాలనిపిస్తుంది. కొడితే రోటర్ ఒక్కటే వాలుతుంది, పెట్టె రాదు. రోటర్ బొడ్డు వెళ్లి ఇరుసుకు తగులుతుంది, ఇరుసు తెగిపోతుంది. చేయవలసింది ముందుగా సైక్లిక్‌ను నెమ్మదిగా వెనక్కి తీసి భారాన్ని తిరిగి రోటర్ మీదికి తేవడం. ఆ తరువాతే ఎడమకు.

ఇది ఆర్‌44కూ వర్తిస్తుంది. క్యాడెట్ పెద్దది, నిలకడైనది, రోటర్‌లో ఊపు ఎక్కువ. అంతమాత్రాన ఆ రెండు రెక్కల స్వభావం మారదు. ఎక్కువ డబ్బు ఇచ్చాను కాబట్టి ఈ గండం తప్పిందని అనుకోవద్దు. కొండలు, గట్టి గాలి ఉన్న రోజు ఎగరకపోవడం, ఎగిరితే వేగం తగ్గించుకోవడం రెంటికీ ఒకటే.

నల్లమల | కర్నూలు | జనవరి 13, రాత్రి 9.00

తమ్ముడూ, సాంకేతిక విషయాలు నాకు తెలియవు. మా అబ్బాయి కూడా ఇదే అంటున్నాడు కాబట్టి ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను. మా జిల్లాలో హెలికాప్టర్ అన్న మాట వినగానే 2009 సెప్టెంబరు 2 గుర్తుకు రాని ఇల్లు లేదు. ముఖ్యమంత్రి ఎక్కిన హెలికాప్టర్ కనబడటం లేదని ఆ రాత్రంతా టీవీ ముందు కూర్చున్నాం. అంతకు ముందు 2002లో లోక్‌సభ స్పీకరు బాలయోగి గారు. అంత పెద్దవాళ్లు ఎక్కినవే అలా అయితే చిన్న యంత్రంలో పిల్లవాడిని ఎలా పంపమంటారు? తల్లిగా అడుగుతున్నాను.

చేతక్ మాస్టారు | సికింద్రాబాద్ | జనవరి 13, రాత్రి 9.45

అమ్మా, మీ భయం సహజమైనది. ఆ రోజు మేమూ నిద్రపోలేదు.

2009లో ఎగిరింది బెల్ 430. రెండు టర్బైన్ ఇంజన్లు, ఇద్దరు పైలట్లు. ఇక్కడ మాట్లాడుకుంటున్న వాటితో పోలిస్తే ఎంతో పెద్ద యంత్రం. అయినా ఆ రోజు నల్లమల మీద ఉన్న మేఘాలు, వాన ముందు అవేవీ పనికిరాలేదు. శిక్షణలో తేలిక హెలికాప్టర్ పిల్లవాడిని మేఘాల్లోకి తీసుకుపోదు. పగటి పూట, నేల కనబడుతుండగా, బోధకుడి పక్కన ఎగురుతాడు. వాతావరణం బాగోలేకపోతే ఆ రోజు పాఠం నల్లబల్ల మీదే. మీ అబ్బాయి చేరబోయే బడిని ఒక్క ప్రశ్న అడగమనండి. గడిచిన నెలలో వాతావరణం బాగోలేదని ఎన్ని పాఠాలు రద్దు చేశారు? ఒక్కటీ లేదంటే ఆ బడి వద్దు.

గోదావరి గట్టు | రాజమహేంద్రవరం | జనవరి 14, ఉదయం 11.30

అందరికీ పండగ శుభాకాంక్షలు, కృతజ్ఞతలు. నల్లమల అమ్మగారి ప్రశ్న మా అమ్మ అడిగినదే. మాస్టారి జవాబు ఆమెకు చదివి వినిపించాను. పూర్తిగా ఒప్పుకోలేదు కానీ రెండోసారి చదవమంది.

క్యాబ్రి జీ2 అని ఫ్రెంచి హెలికాప్టర్ ఒకటి ఉందని, అన్నిటి కన్నా క్షేమమని ఒక మిత్రుడు అంటున్నాడు. అది వెతకాలా? తూనీగ అక్కా, నా డబ్బు పరిమితమైనది. నువ్వే నా స్థానంలో ఉంటే ఏం చేస్తావు?

తూనీగ | ఫ్లోరిడా | జనవరి 14, రాత్రి 10.20

ముందు క్యాబ్రి సంగతి. 2007లో యూరప్ ధ్రువీకరణ పొందింది. మొదటి నుంచీ శిక్షణను మనసులో పెట్టుకుని గీసినట్టు ఉంటుంది. మూడు రెక్కల రోటర్, తోకలో కప్పి ఉంచిన ఫ్యాను, తాకిడిని మింగే సీట్లు, పగలకుండా చేసిన ఇంధనపు ట్యాంకు. ఇరుసుకు బొడ్డు తగిలే గండం ఆ రోటర్‌లో లేదు. నాకు చాలా ఇష్టమైన యంత్రం. ఒక సంగతి మాత్రం తెలుసుకో. ఫ్రెంచి రోటర్లు తిరిగే దిక్కు అమెరికా రోటర్లకు వ్యతిరేకం. రాబిన్సన్‌లో బలం పెంచితే ఎడమ పెడల్ నొక్కాలి, క్యాబ్రిలో కుడి పెడల్. ఒకదాని మీద అలవాటైన కాలు రెండోదానిలో తడబడుతుంది. రేపు మన దేశంలో ఎక్కువగా వాడే ఫ్రెంచి హెలికాప్టర్ ఎయిర్‌బస్ హెచ్125 నడపాలనుకునేవాడికి క్యాబ్రి మీద కుదిరిన కాలు లాభమే. అమెరికాలో అది ఉన్న బడులు కొద్ది, దొరికితే ఇంకో ధర.

నీ రెండో ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఇంతవరకు ఈ వేదిక మీద రాయని ఒక సంగతి రాయాలి.

నేను బోధకురాలిగా చేరిన మొదటి నెలలు. నా మొత్తం అనుభవం అప్పటికి 260 గంటలు. నియమం ప్రకారం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. విద్యార్థి పద్దెనిమిది గంటలవాడు, నెమ్మదైన కుర్రాడు. ఆటోరొటేషన్ అభ్యాసం. మూడు వరకు లెక్కపెట్టి థ్రాటిల్ మూశాను. అతను కలెక్టివ్ దించాలి. హెలికాప్టర్ ముక్కు కదిలేసరికి కంగారుపడి పైకి లాగాడు. హారన్ మోగింది. నా ఎడమ చెయ్యి నా ఒడిలో ఉంది. మాస్టారు రాసిన బెత్తెడు దూరంలో లేదు. నేను అతని చెయ్యి మీద నా బరువంతా వేసి కలెక్టివ్ కిందికి నొక్కే సరికి సూది 90 దాటి కిందికి వస్తోంది. థ్రాటిల్ తెరిచాను, వేగం లేచింది, దిగాం. ఇంజన్ ఆపి, స్కిడ్ మీద కూర్చుని, అరగంట లేవలేదు. అతను మాత్రం ‘బాగా చేశానా?’ అని అడిగాడు. తనకు ఏం తప్పిందో అతనికి తెలియలేదు.

ఆ రోజు అదే తప్పు ష్వైజర్‌లో జరిగి ఉంటే నాకు ఇంకొంత సమయం ఉండేది. అది నిజం. కానీ నా చెయ్యి సరైన చోట ఉంటే ఆర్‌22లోనూ ఆ సమయం సరిపోయేది. ఇక్కడ బోధకుల్లో చాలామంది, అప్పటి నాలాగే, ఉద్యోగానికి కావలసిన గంటలు పోగు చేసుకోవడానికి పాఠాలు చెబుతుంటారు. నిన్నటి విద్యార్థే ఇవాళ్టి బోధకుడు. అలాంటివాడిని, ఏమీ రానివాడిని కలిపి అన్నిటి కన్నా తక్కువ సమయం ఇచ్చే యంత్రంలో కూర్చోబెట్టడం, అదీ నాకు నచ్చనిది. ఆర్‌22లోనే వేల గంటలు నేర్పినవాళ్లు ఉన్నారు. అలాంటి ఒక్కరి పక్కన ఆర్‌22 ఎక్కు. 220 గంటల బోధకుడి పక్కన అయితే క్యాడెట్‌లోనైనా ఆలోచించు.

నీ స్థానంలో నేనైతే ఒంటరిగా ఎగిరేదాకా ష్వైజర్ మీదో క్యాడెట్ మీదో నేర్చుకుంటాను. చెయ్యి కుదురుకున్నాక, బరువు నాలుగైదు కిలోలు తగ్గించుకుని, మిగతా గంటల్లో కొన్ని ఆర్‌22లో పూర్తి చేస్తాను. దానికి కారణం పొదుపు ఒక్కటే కాదు. రేపు నువ్వు ఇక్కడ బోధకుడివి కావాలంటే ఆర్‌22లో 50 గంటలు లేకపోతే దానిలో నేర్పలేవు, ఇక్కడి బడుల్లో ఎక్కువ భాగం రాబిన్సన్‌లే. నీ వీసా ఆ పనికి ఒప్పుకునే రకమా కాదా అన్నది డబ్బు కట్టక ముందే రాతపూర్వకంగా అడుగు. మన దేశంలో హెలికాప్టర్ పైలట్లలో ఎక్కువమంది సైన్యం నుంచి వచ్చినవాళ్లే. 150 గంటల కాగితంతో తిరిగి వచ్చి వాళ్ల పక్కన నిలబడటం చాలా కష్టం.

రెక్కల రాముడు | బెంగళూరు | జనవరి 15, ఉదయం 8.15

తూనీగ గారూ, ఇది రాసినందుకు ధన్యవాదాలు. హారన్ మోగితే నా చెయ్యి ఎటు పోతుందో నిన్న రాత్రి ఆలోచించాను. మాస్టారు చెప్పినట్టు ముందుకే పోతుంది. యంత్రాన్ని తిట్టినంత తేలికగా దాని గురించి ఆలోచించలేదు. నా మొదటి మాటను సవరించుకుంటున్నాను.

పానా | హైదరాబాద్ | జనవరి 15, మధ్యాహ్నం 12.40

బడిని చూడటానికి వెళ్లినప్పుడు హ్యాంగర్‌లోకి వెళ్లు. ఆర్‌22ను 2,200 గంటలకు లేదా 12 ఏళ్లకు, ఏది ముందైతే దానికి, పూర్తిగా విప్పి కట్టాలి. ఎన్ని గంటలు మిగిలాయో అడుగు. రెక్కల అంచు మీద వేలు పెట్టి నిమురు, రంగు లేచిందా, అంచు దగ్గర అతుకు తేలిందా చూడు. ఇంజన్‌కు, రోటర్‌కు మధ్య శక్తిని చేర్చేవి రెండు బెల్టులు. వాటి అంచులు పీచులు లేచాయేమో చూపించమను. చూపించడానికి విసుక్కునే మెకానిక్ ఉన్న చోట నేర్చుకోవద్దు. మంచి మెకానిక్ తానే టార్చిలైటు తెచ్చి చూపిస్తాడు.

గోదావరి గట్టు | టెక్సాస్ | ఏప్రిల్ 6, రాత్రి 10.50

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. ష్వైజర్ ఉన్న చిన్న బడిలో చేరాను. ఇప్పుడు 89 కిలోలు.

బోధకురాలు యాభై దాటిన మనిషి, 6,000 గంటలకు పైగా నేర్పారు. చేరక ముందు ఆ గంటల సంగతి అడిగితే ఏమీ అనుకోలేదు, లాగ్‌బుక్కు తెచ్చి నా ముందు పెట్టారు. మెకానిక్ టార్చిలైటు తెచ్చాడు, పానా గారూ. డ్యాంపర్లు నాతోనే తుడిపించాడు.

నిన్న మొదటిసారి నేల నుంచి నాలుగడుగుల ఎత్తున నిలకడగా నిలపడానికి ప్రయత్నించాను. ముందు పెడళ్లు మాత్రమే ఇచ్చారు. తరువాత కలెక్టివ్ మాత్రమే. చివర్లో సైక్లిక్. నేను కదిపాను అనుకున్న ప్రతిసారీ అప్పటికే ఎక్కువ కదిపేసి ఉన్నాను. ‘కదపకు, అనుకో చాలు’ అన్నారు. అర్థం కాలేదు. పదిహేనో ప్రయత్నంలో ఎదురుగా ఉన్న నీళ్ల ట్యాంకు ఐదారు సెకన్లు కదలకుండా నిలబడింది. అప్పుడు ఆమె చెయ్యి చూశాను. కర్రకు బెత్తెడు దూరంలో ఉంది.

అమ్మకు ఫోను చేసి చెప్పాను. ఎంత ఎత్తు అని అడిగింది. నాలుగడుగులు అన్నాను. మన అరుగు కన్నా కొంచెం ఎక్కువేగా అంది. చాలా రోజుల తరువాత ఆమె గొంతులో భయం లేదు.

రేపు ఉదయం ఏడింటికి తరువాతి పాఠం. మాస్టారూ, ఒక సందేహం. పెడళ్ల మీద కాలు మొత్తం పెట్టాలా, మడమలు నేలకు ఆనించాలా? నా కాళ్లు పొడవు కావడంతో మోకాళ్లు ఎత్తుగా వచ్చి మడమలు లేచిపోతున్నాయి.

చేతక్ మాస్టారు | సికింద్రాబాద్ | ఏప్రిల్ 7, ఉదయం 9.30

మడమలు నేల మీదే ఉండాలి బాబూ. పాదం ముందు భాగంతోనే నొక్కాలి. మడమ లేస్తే కాలి బరువంతా పెడల్ మీద పడుతుంది, ముక్కు ఊగుతూనే ఉంటుంది. పెడళ్లు ముందుకు జరపడానికి వీలుందేమో ఆమెను అడుగు. లేకపోతే వెనక దిండు తీసేసి కూర్చో. తరువాతి పాఠం ఎలా జరిగిందో రాయి.